మట్టిలో కాడ్మియం తేలగానే ఎరువు బస్తా మీద పడకండి

పొలం మట్టిలో కాడ్మియమో సీసమో లాంటి విష లోహం ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉందని తేలితే ముందుగా దొరికిపోయేది రైతే. ఫాస్ఫేట్ ఎరువులు ఎడాపెడా వేశాడు, పురుగుమందులు విచ్చలవిడిగా కొట్టాడు, భూమి పాడైపోయింది అని తేల్చేస్తారు. రిపోర్టు చివర్లో ‘వ్యవసాయ కార్యకలాపాలు కారణం కావచ్చు’ అని ఒక వాక్యం ఉంటుంది, దాన్ని పట్టుకుని వార్త వస్తుంది, ఆ వార్త పట్టుకుని అందరూ మాట్లాడతారు. నా పనే మట్టి రిపోర్టులు చదవడం కాబట్టి ఈ వాక్యం ఎన్నోసార్లు కళ్లబడింది, కానీ దాని వెనక ఒక చిన్న లెక్క అయినా వేసినట్టు కనిపించిన రిపోర్టులు చాలా తక్కువ.

కిలో మట్టిలో ఇన్ని మిల్లీగ్రాములు అనే అంకె, ఎంత ఉందో మాత్రమే చెబుతుంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పదు. ఆ రెండూ వేరువేరు ప్రశ్నలు, రెండోదానికి జవాబు కావాలంటే వేరే పని చెయ్యాలి, ఆ పనికి ఓపిక కావాలి, కొన్నిసార్లు డబ్బు కూడా కావాలి. కానీ మొదటి మెట్టుకి మాత్రం కాగితం, కలం చాలు.

ఆ లెక్క ఇక్కడే వేద్దాం. ఒక హెక్టారు పొలం తీసుకోండి. దుక్కి లోతు 20 సెంటీమీటర్లు, ఘనపు సెంటీమీటరు మట్టి బరువు 1.3 గ్రాములు అనుకుంటే ఆ పొర మొత్తం బరువు 2,600 టన్నులు, అంటే 26 లక్షల కిలోలు. ఇప్పుడు ఏటా హెక్టారుకి 60 కిలోల ఫాస్ఫేట్ పడుతోందనుకోండి (బస్తా మీద రాసే ఫాస్ఫేట్ శాతం లెక్కలో చెబుతున్నాను, బస్తా బరువు కాదు). యూరోపియన్ యూనియన్ 2022 జూలై నుంచి అమల్లోకి తెచ్చిన పరిమితి ప్రకారం కిలో ఫాస్ఫేట్‌లో కాడ్మియం 60 మిల్లీగ్రాములు దాటకూడదు. మన ఎరువు సరిగ్గా ఆ అంచు మీదే ఉందనుకుందాం. 60ని 60తో గుణిస్తే 3,600 మిల్లీగ్రాములు, అంటే ఏడాదికి హెక్టారు మీద పడేది 3.6 గ్రాముల కాడ్మియం. దాన్ని 26 లక్షల కిలోల మట్టికి పంచితే కిలోకి 0.0014 మిల్లీగ్రాములు. యాభై ఏళ్లు ఆపకుండా వేసినా, పంటతో పాటు ఒక్క రవ్వ కూడా బయటికి పోలేదనుకున్నా, పెరిగేది 0.07 మిల్లీగ్రాములు.

ఎరువు మోతాదు రెట్టింపు, అందులో కాడ్మియం కూడా రెట్టింపు అనుకున్నా యాభై ఏళ్లకి 0.28 దాటదు. మరి రిపోర్టులో కిలోకి 3 మిల్లీగ్రాములు ఉందంటే మిగతాదంతా ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎరువు బస్తా ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేదు.

ఇప్పుడు అదే పొలానికి పారే నీళ్లు చూద్దాం. పంట కాలాలన్నీ కలిపి ఏడాదిలో 1,000 మిల్లీమీటర్ల నీరు పెడితే హెక్టారుకి కోటి లీటర్లు. సాగునీటిలో కాడ్మియం లీటరుకి 0.01 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ చాలాకాలం నుంచి చెబుతున్న మాట. నీళ్లు సరిగ్గా ఆ పరిమితిలోనే ఉన్నాయి, ఎక్కడా దాటలేదు అనుకున్నా కోటి లీటర్లతో వచ్చి పొలంలో పడేది 100 గ్రాములు! ఎరువుతో వచ్చిన 3.6 గ్రాముల పక్కన పెట్టి చూడండి. యాభై ఏళ్లకి కిలోకి 1.9 మిల్లీగ్రాముల దాకా పోతుంది. ‘నీళ్లు పరీక్ష చేయించాం, లిమిట్‌లోనే ఉన్నాయి’ అని నిశ్చింతగా ఉండే చోట కూడా నీళ్లే అసలు దారి కావచ్చు అన్నమాట. పైగా కాలవ నీళ్లలో చాలా లోహం కరిగి ఉండదు, బురద రేణువులకి అంటుకుని వస్తుంది. వడపోసి పరీక్ష చేస్తే ఆ భాగమంతా ఫిల్టరు కాగితం మీదే ఉండిపోతుంది, రిపోర్టులో నీళ్లు శుభ్రంగా కనిపిస్తాయి.

అంతమాత్రాన ఫాస్ఫేట్ ఎరువుకి ఏ పాపమూ తెలియదని నేను అనడం లేదు. సముద్రం అడుగున పేరుకున్న అవక్షేప శిలల నుంచి తవ్వే రాక్ ఫాస్ఫేట్‌లో కాడ్మియం ఎక్కువ, రష్యాలోని కోలా ద్వీపకల్పంలో దొరికే లాంటి అగ్నిశిలల ఫాస్ఫేట్‌లో చాలా తక్కువ. మొదటి రకం వాడే చోట, అసలే కిలోకి 0.1 లేదా 0.2 మిల్లీగ్రాములు మాత్రమే ఉండే ఇసుక నేలలో, నేల పులుపు (ఆమ్లత) కూడా తోడైతే, 0.07 పెరగడం చిన్న విషయం కాదు. మెల్లగా, తరాల మీద జరిగే పేరుకుపోవడం అది. దాన్ని పట్టుకోవడానికి కూడా ఒక దారి ఉంది. ఫాస్ఫేట్ రాయిలో కాడ్మియంతో పాటు యురేనియం, ఫ్లోరిన్ కూడా ఉంటాయి. ఎరువు వల్లే కాడ్మియం పెరిగితే పై పొరలో ఆ రెండూ, వాటితో పాటు భాస్వరం నిల్వ కూడా పెరిగి ఉండాలి. కాడ్మియం ఒక్కటే పెరిగి ఇవేవీ కదలకపోతే ఎరువు మీద నింద వెయ్యడానికి లేదు. యురేనియం కొలవడం పెద్ద కష్టమేమీ కాదు, లోహాల్ని అతి తక్కువ మోతాదుల్లో కూడా కొలిచే ఐసీపీ-ఎంఎస్ మిషన్ మీద మిగతా లోహాలతో పాటే వచ్చేస్తుంది. అయినా చాలా రిపోర్టుల్లో ఆ వరసే ఉండదు.

లెక్క తర్వాత చెయ్యాల్సింది భూమి తనంతట తాను ఇచ్చిందెంతో తెలుసుకోవడం. సర్పెంటైన్ రాయి మీద ఏర్పడిన నేలల్లో ఏ ఫ్యాక్టరీ లేకపోయినా నికెల్, క్రోమియం విపరీతంగా ఉంటాయి. నల్ల షేల్ రాయి మీద నేలల్లో కాడ్మియం, మాలిబ్డినం ఎక్కువ. చైనా నైరుతి భాగంలో సున్నపురాయి కరిగి మిగిలిన మట్టిలో కాడ్మియం పుట్టుకతోనే ఎక్కువ, ఎందుకంటే రాయిలోని సున్నం నీళ్లతో పోతుంది కానీ లోహం అక్కడే మిగిలి చిక్కబడుతుంది. అలాంటి చోట ప్రపంచ సగటుతో పోల్చి ‘కాలుష్యం’ అని రాయడం అన్యాయం. భూమి పైపొర రాళ్లలో సగటున సీసం కిలోకి 17 మిల్లీగ్రాములు ఉంటుందని పట్టికల్లో ఉంటుంది, దాన్ని తెచ్చి ఏ నేలకి పడితే ఆ నేలకి కొలబద్దగా పెట్టేస్తారు. ఆ పొలం కింద ఉన్న రాయి ఏదో చూడరు.

దీనికి నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది గొయ్యి. పొలంలో ఒక చోట మీటరుకి తక్కువ కాకుండా తవ్వాలి, గొయ్యి ఒక పక్క గోడని ప్లాస్టిక్ తాపీతో చెక్కి శుభ్రం చెయ్యాలి, అప్పుడు పొరలు కనిపిస్తాయి. పైన దున్నిన మట్టి ముదురు రంగులో, వేర్లతో, గుల్లగా ఉంటుంది, దాని కిందే నాగలి నొక్కిన గట్టి పొర, ఆ కింద రంగు మారి, ఇంకా కిందకి వెళ్తే సగం మట్టి సగం రాయిగా ఉండే భాగం. నమూనాలు కింద నుంచి పైకి తీసుకుంటూ రావాలి, లేకపోతే పైమట్టి రాలి కింద పొరలో కలుస్తుంది. ఒక్కో పొరలో సీసం కొలిస్తే కథ చాలావరకు అర్థమవుతుంది. సీసం సేంద్రియ పదార్థానికి గట్టిగా అంటుకుంటుంది, కిందకి సులువుగా దిగదు. బయట నుంచి వచ్చిందైతే పై 20 సెంటీమీటర్లలో ఎక్కువగా ఉండి దుక్కి పొర దాటగానే ఒక్కసారిగా పడిపోతుంది. రాయి నుంచి వచ్చిందైతే పైనా కిందా దాదాపు ఒకేలా ఉంటుంది, లేదా కిందకి వెళ్లేకొద్దీ పెరుగుతుంది.

పొరల్ని పోల్చేటప్పుడు నేరుగా లోహం అంకెలు పోల్చకూడదు. ఒక పొరలో బంకమన్ను ఎక్కువ, ఇంకో పొరలో ఇసుక ఎక్కువ, బంకమన్నులో సహజంగానే లోహాలు ఎక్కువ. అందుకని అల్యూమినియంతోనో టైటానియంతోనో భాగించి నిష్పత్తులు పోలుస్తారు, దాన్నే ఎన్‌రిచ్‌మెంట్ ఫ్యాక్టర్ అంటారు. 1969లో మ్యూలర్ ప్రతిపాదించిన జియో అక్యుములేషన్ ఇండెక్స్ కూడా ఇలాంటి పోలికే, సహజ స్థాయిని 1.5తో గుణించి తేడాలకి కొంత వెసులుబాటు ఇస్తుంది. రెండింట్లోనూ ప్రాణం ‘సహజ స్థాయి’ అనే ఆ ఒక్క అంకెలోనే ఉంది. దాన్ని అదే పొలం అడుగు పొర నుంచో, అదే రాయి మీద ఉన్న తాకని అడవి మట్టి నుంచో తెస్తే ఫలితం నమ్మొచ్చు, పుస్తకంలో పట్టిక నుంచి తెస్తే నమ్మడం కష్టం.

నది ఒడ్డు ఒండ్రు నేలల్లో ఈ గొయ్యి పద్ధతి అంత తేలిగ్గా పనిచెయ్యదు. అక్కడ కింద పొర పై పొరకి తల్లి కాదు, వేరే ఏడాది వరద తెచ్చిన వేరే మట్టి. అలాంటప్పుడు పొరల వయసు కట్టాలి. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో చేరి భూమ్మీద పడిన సీజియం-137 1963 ప్రాంతంలో గరిష్ఠానికి చేరింది, ఒండ్రు పొరల్లో ఆ గరిష్ఠం ఎక్కడుందో దొరికితే దాని పైన ఉన్నది ఆ తర్వాత వచ్చిన మట్టి అని తెలుస్తుంది. ఎగువన ఒక గని ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు మూతపడిందో తెలిస్తే ఆ పొరల్లో లోహం ఎప్పుడు పెరిగిందో సరిపోల్చుకోవచ్చు.

ఇక పొలాన్ని పైనుంచి చూద్దాం, అంటే లోహం ఏ మూల ఎంత ఉందో. ఒక పొలం మొత్తం తిరిగి పది పదిహేను చోట్ల మట్టి తీసి, కలిపి, ఒకే నమూనాగా పంపడం ఎరువుల సిఫారసుకి బాగానే ఉంటుంది. మూలం వెతికేవాళ్లకి మాత్రం అది చెడ్డ అలవాటు, ఎందుకంటే అసలు సాక్ష్యం ఆ చోట్ల మధ్య తేడాలోనే ఉంటుంది, కలిపేస్తే అది పోతుంది. నీళ్లతో వచ్చిన లోహం మడిలోకి నీరు దిగే చోట ఎక్కువగా ఉంటుంది. కాలవ నుంచి నీళ్లు మడిలోకి రాగానే వేగం తగ్గి బురద అక్కడే దిగిపోతుంది, దూరంగా ఉన్న గట్టు దగ్గరికి వెళ్లేసరికి నీళ్లు తేరుకుంటాయి. ఆర్సెనిక్ ఉన్న బోరు నీళ్లలో అయితే గాలి తగలగానే ఇనుము తుప్పులా మారి ఆర్సెనిక్‌ని తనతో పట్టుకుని మొదటి కొన్ని మీటర్లలోనే దింపేస్తుంది, అందుకే బోరు నీళ్లు పడే చోట నేల ఎర్రబారి ఉంటుంది. బెంగాల్ డెల్టా వరిమళ్లలో ఈ తేడా బాగా నమోదైంది. ఎరువుతో వచ్చిందైతే పొలమంతా దాదాపు సమంగా ఉండాలి, ఎందుకంటే ఎరువు పొలమంతా చల్లుతారు. కాబట్టి నీళ్లు దిగే మూల, పొలం మధ్య, అవతలి గట్టు, ఈ మూడు చోట్ల మట్టి విడివిడిగా పరీక్ష చేయిస్తే చాలా అనుమానాలు అక్కడికక్కడే తీరిపోతాయి.

జపాన్‌లో జింజు నది చుట్టుపక్కల జరిగింది ఇదే. ఎగువన కమియోకా జింక్ గని, దిగువన ఆ నది నీళ్లతో పండే వరిమళ్లు. ఎముకలు విరిగిపోయి, నొప్పితో ‘ఇతాయ్ ఇతాయ్’ అని అరిచే జబ్బు ఆ ఊళ్లలోనే, ఎక్కువగా ఆడవాళ్లకే వచ్చేది. స్థానిక వైద్యుడు నొబొరు హగినో ఆ రోగుల ఇళ్లు ఎక్కడున్నాయో గమనిస్తూ వచ్చి, జింజు నీళ్లు పారే మేరకే జబ్బు ఉందని, మూలం గనే అయి ఉండాలని పట్టుబట్టాడు. జున్ కొబయాషి అనే శాస్త్రవేత్త నీళ్లు, బియ్యం, రోగుల ఎముకలు పరీక్షించి కాడ్మియం చూపించాడు. మళ్లలో చూస్తే నీరు దిగే చోట మట్టిలో కాడ్మియం ఎక్కువగా ఉంది. 1968లో జపాన్ ప్రభుత్వం ఆ జబ్బుకి కారణం కాడ్మియం అని, అది గని నుంచి వచ్చిందని ఒప్పుకుంది. నన్ను ఈ కథలో ఎక్కువగా పట్టుకున్నది తర్వాత జరిగిన సంగతి. 1972లో కంపెనీతో కుదిరిన ఒప్పందం వల్ల బాధిత ఊళ్లవాళ్లకి నిపుణుల్ని వెంటబెట్టుకుని గని లోపలికి వెళ్లి తనిఖీ చేసే హక్కు వచ్చింది, ఖర్చు కంపెనీది. ఏటా వెళ్లారు. ఫ్యాక్టరీ లోపల ఏ గొట్టం నుంచి, ఏ బూడిద దిబ్బ నుంచి కాడ్మియం నదిలోకి కారుతోందో ఒక్కొక్కటిగా వెతికి ఆపించారు. నదిలో కాడ్మియం దాదాపు సహజ స్థాయికి తగ్గింది. మళ్లలో మట్టి బాగుచెయ్యడం మాత్రం 2012 దాకా సాగింది. నీళ్లు ఆగకుండా మట్టి మారిస్తే ఆ మట్టి మళ్లీ పాడయ్యేదే.

గాలితో వచ్చేవాటి తీరు వేరు. సీసం కలిపిన పెట్రోలు వాడిన కాలంలో రోడ్ల పక్క పడిన సీసం రోడ్డు నుంచి కొన్ని పదుల మీటర్లలోనే బాగా తగ్గిపోతుంది. లోహం కరిగించే కొలిమి పొగగొట్టం అయితే కిలోమీటర్ల దూరం పోతుంది, ఎక్కువగా గాలి వీచే దిక్కులో పొడవుగా సాగి ఉంటుంది. బొగ్గు లాంటివి కాల్చగా వచ్చిన బూడిదలో సూక్ష్మమైన గుండ్రటి రేణువులుంటాయి, వాటిలో కొన్నిటికి అయస్కాంత గుణం ఉంటుంది. మైక్రోస్కోప్ కింద చూస్తే రాతి నుంచి వచ్చిన రేణువులన్నీ అంచులు విరిగి, వంకరటింకరగా ఉంటే, వీటి మధ్యలో నున్నటి నల్లటి గోళీ లాంటి రేణువు ఒకటి మెరుస్తుంది. అలాంటి గుండ్రనితనం ఎక్కువ వేడిలో కరిగి గాలిలో గట్టిపడితేనే వస్తుంది, కాబట్టి పొలం మట్టిలో అది కనిపిస్తే ఎక్కడో ఒక పొగగొట్టం ఉన్నట్టే.

లోహాలు జట్లు జట్లుగా తిరుగుతాయి. జింక్ ఖనిజంలో కాడ్మియం కలిసే ఉంటుంది. రాగి, జింక్ రెండూ పెరిగితే పందుల, కోళ్ల పెంట వైపు చూడాలి, ఎందుకంటే దాణాలో వాటిని కలుపుతారు, పశువు ఒంటికి పట్టేది కొంతే, మిగతాది పెంటలో వచ్చేస్తుంది. రాగి ఒక్కటే విపరీతంగా ఉంటే మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో మిశ్రమం కొట్టిన ద్రాక్షతోట అయి ఉండొచ్చు, 1880ల నుంచి ఆ మందు వాడకంలో ఉంది. సీసం, ఆర్సెనిక్ కలిసి పెరిగితే పాత పండ్లతోట. లెడ్ ఆర్సనేట్ అనే పురుగుమందు 1892లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో మొదలై, డీడీటీ వచ్చేదాకా ఆపిల్ తోటల్లో తెగ కొట్టారు, ఆ తోటలు ఇప్పుడు లేకపోయినా మట్టిలో ఆ సీసం అలాగే ఉంది. నికెల్, క్రోమియం కలిసి ఉంటే చాలాసార్లు కింది రాయే. అయితే ఈ జట్లు కాలంతో విడిపోతాయి. లెడ్ ఆర్సనేట్‌లో సీసం ఆర్సెనిక్‌కి బరువులో 2.8 రెట్లు ఉంటుంది, తోట మట్టిలో మాత్రం ఆ నిష్పత్తి అంతకంటే ఎక్కువగా కనిపించొచ్చు, ఎందుకంటే ఆర్సెనిక్ కొంత కిందకి దిగిపోయి సీసం పైనే మిగులుతుంది.

సీసం విషయంలో ఇంకో బలమైన సాక్ష్యం ఉంది, ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు. సీసంలో 204, 206, 207, 208 అనే నాలుగు స్థిరమైన రకాలున్నాయి. 204 భూమి పుట్టినప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ అంతే. 206, 207 యురేనియం క్షీణించి పుడతాయి, 208 థోరియం నుంచి. ఒక సీసపు గని ఏ కాలంలో ఏర్పడింది, అప్పటికి దాని చుట్టూ ఎంత యురేనియం, థోరియం ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఆ గని సీసం నిష్పత్తి స్థిరపడిపోతుంది. కరిగించినా, బ్యాటరీలో పెట్టినా, పెట్రోల్లో కలిపి కాల్చినా అది మారదు. ఈ ఐసోటోపులతోనే క్లెయిర్ ప్యాటర్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1956లో భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు, అదే పనిలో తన ల్యాబ్ నిండా సీసం ఎక్కణ్ణుంచి వస్తోందని వెతికి, పెట్రోల్లో సీసానికి వ్యతిరేకంగా చాలా ఏళ్లు పోరాడాడు. ఆయన మీద నాకు చాలా గౌరవం. సీసం పెట్రోలు చివరి బంకు అల్జీరియాలో 2021లో ఆగింది.

ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ గని సీసంలో 206కి 207కి నిష్పత్తి సుమారు 1.04. అమెరికాలో మిస్సోరీ గనులది 1.3 దగ్గర. మామూలు నేలల సహజ సీసం చాలా చోట్ల 1.2 దగ్గర ఉంటుంది. మీ పొలం అడుగు పొర 1.20, అనుమానిస్తున్న కొలిమి బూడిద 1.10, పై పొర 1.15 అని వస్తే పై పొరలోని సీసంలో దాదాపు సగం ఆ బూడిదదే అని లెక్క. అయితే మూలాలు రెండే ఉన్నప్పుడు మాత్రమే ఇంత సూటిగా తేలుతుంది. మూడో మూలం ఉండి దాని నిష్పత్తి 1.15 అయితే, మొత్తం దాని నుంచే వచ్చినా అంకె అదే వస్తుంది. బ్యాటరీలు కరిగించే చోట ఎక్కడెక్కడి గనుల సీసమో కలిసిపోతుంది కాబట్టి మరీ కష్టం. కాడ్మియం, జింక్ ఐసోటోపులతో కూడా ఇప్పుడు పని జరుగుతోంది. కొలిమి వేడికి తేలికైన ఐసోటోపులు ముందు ఆవిరై పొగలో పోతాయి, బరువైనవి చిట్టెంలో మిగులుతాయి, ఆ తేడా కొలవగలిగితే పొగ నుంచి వచ్చిందా చిట్టెం దిబ్బ నుంచి వచ్చిందా అని విడదీయొచ్చు.

ఇక గణాంకాల సంగతి, నా అసలు గొడవ ఇక్కడే. ఈమధ్య మూలం వెతకడం అంటే పీఎంఎఫ్ (పాజిటివ్ మ్యాట్రిక్స్ ఫ్యాక్టరైజేషన్) అనే గణాంక పద్ధతి నడిపి నాలుగు రంగుల వృత్తం గీయడం అయిపోయింది. పాటెరో, టాపర్ 1994లో ప్రచురించిన పద్ధతి అది, గాలిలో ధూళి మూలాలు వెతకడానికి బాగా ఉపయోగపడింది. ఒకే గదిలో నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే ఆ రికార్డింగ్ నుంచి ఎవరి గొంతు వాళ్లదిగా విడదీయడం లాంటి పని. ఎన్నో నమూనాల్లో ఏ లోహాలు కలిసి పెరుగుతున్నాయి, కలిసి తగ్గుతున్నాయి అని చూసి వాటిని కొన్ని గుంపులుగా చేస్తుంది. ఆ గుంపులు ఎన్ని ఉండాలో మనమే చెప్పాలి. ఒక్కో గుంపుకి పేరు పెట్టేది కూడా మనమే, లెక్క పెట్టదు. కాడ్మియం ఎక్కువున్న గుంపు రాగానే ‘వ్యవసాయ మూలం, 31 శాతం’ అని రాసేస్తే (ఊరికే ఒక ఉదాహరణ అంకె), ఆ 31 శాతం లెక్క నుంచి వచ్చింది, ‘వ్యవసాయ’ అన్న మాట మాత్రం రాసినవాళ్ల ఊహ నుంచి వచ్చింది. చదివేవాళ్లకి ఈ రెండూ ఒకే బరువుతో కనిపిస్తాయి. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇంకో ఇబ్బంది ఉంది. మూలం దగ్గర లోహాలు ఏ నిష్పత్తిలో ఉన్నాయో అదే నిష్పత్తిలో మన చేతికి వచ్చాయి అని ఈ పద్ధతి నమ్ముతుంది. పొగగొట్టం నుంచి గాలి వడపోత దాకా కొన్ని గంటల ప్రయాణంలో ఆ నమ్మకం చాలావరకు నిలబడుతుంది. మట్టి అలా కాదు, దశాబ్దాలు. కాడ్మియం పులుపు నేలలో కిందకి జారుతుంది, పంటతో పోతుంది, సీసం కదలదు. ఒకే పొగగొట్టం నుంచి వచ్చిన రెండూ నలభై ఏళ్లకి రెండు వేరే గుంపుల్లో తేలొచ్చు, అప్పుడు మూలాలు రెండని పొరబడతాం. బంకమన్ను ఎక్కువున్న చోట అన్ని లోహాలూ కలిసి పెరుగుతాయి, అది మూలమే కాదు, నేల తీరు అంతే. అందుకే పీఎంఎఫ్ వద్దని కాదు నేననేది, దాని ఫలితం ఒక ప్రశ్న దగ్గర ఆగుతుంది, ఆ ప్రశ్నతో మళ్లీ పొలానికి వెళ్లాలి. గుంపుకి ఎరువు అని పేరు పెడితే ముందు వేసిన హెక్టారు లెక్కతో అది సరిపోతోందా చూడాలి. ట్రాఫిక్ అని పేరు పెడితే రోడ్డు నుంచి దూరమయ్యేకొద్దీ తగ్గుతోందా చూడాలి. రెండూ చూపించకుండా శాతాలు ఇస్తే నేనైతే ఆ పేజీ తిప్పేస్తాను.

ల్యాబ్ విషయం క్లుప్తంగా చెప్తాను. జింక్ పూత పూసిన బకెట్లో మట్టి కలిపితే జింక్ ఆ బకెట్ నుంచే వస్తుంది, రంగు వేసిన పార అయితే రంగు నుంచి. ఆక్వా రెజియాతో (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) కరిగిస్తే రాయి లోపల బంధించి ఉన్న లోహం పూర్తిగా బయటికి రాదు, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో వస్తుంది, కాబట్టి ఒక పద్ధతి అంకెని ఇంకో పద్ధతి పట్టికతో పోల్చకూడదు. ఏ పద్ధతి అని రిపోర్టులో రాసి లేకపోతే అడగండి.

మట్టిలో మొత్తం ఎంతుంది అన్నది ఒకటి, అందులో మొక్కకి అందేది ఎంత అన్నది ఇంకొకటి. మూలం తెలిస్తే దీని మీద కూడా కొంత వెలుగు పడుతుంది. రాతి స్ఫటికాల్లో చిక్కుకున్న లోహం మొక్కకి పెద్దగా అందదు. కొలిమి ధూళిలో వచ్చిందో, మురుగు నీళ్లతో వచ్చిందో అయితే అందే రూపంలో ఎక్కువ ఉంటుంది. 1979లో టెస్సియర్ బృందం చూపించిన దశలవారీ వెలికితీత, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా వేరువేరు రసాయనాలతో మట్టి నుంచి లోహాన్ని బయటికి తియ్యడం, ఈ రూపాల్ని విడదీయడానికే. వరిమడిలో ఇంకో చిక్కు ఉంది. నీళ్లు నిలబెడితే కాడ్మియం మొక్కకి అందడం తగ్గుతుంది, ఆర్సెనిక్ పెరుగుతుంది, మడి ఆరబెడితే దీనికి తలకిందులు. పొలంలో ఉన్నది ఏ లోహమో, ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకుండా ‘నీళ్లు ఆరబెట్టండి’ అని సలహా ఇస్తే ఒకటి తగ్గించబోయి ఇంకోటి పెంచినట్టవుతుంది.

చైనా ప్రభుత్వం 2014లో దేశవ్యాప్త నేల సర్వే ఫలితాలు బయటపెట్టింది, సాగుభూముల్లో తీసిన నమూనాల్లో 19.4 శాతం ప్రమాణాలు దాటాయి, అన్నిటికంటే ముందున్నది కాడ్మియం. అంత పెద్ద విస్తీర్ణంలో మట్టి మార్చడం ఎవరివల్లా కాదు. రాయి నుంచి వచ్చిన చోట పంట రకం మార్చుకోవాలి, సున్నం వేసి పులుపు తగ్గించాలి. నీళ్లతో వస్తున్న చోట ముందు ఆ నీళ్లు ఆపాలి. పొగతో వస్తున్న చోట రైతు చెయ్యగలిగింది దాదాపు ఏమీ లేదు, పొగగొట్టం దగ్గరికే వెళ్లాలి.

మీ చేతికి ఇలాంటి రిపోర్టు వస్తే, లేదా మీరే పరీక్ష చేయించబోతుంటే, నీళ్ల నమూనా విషయంలో ఒక్క జాగ్రత్త తీసుకోండి. తేరిన నీళ్లు ఒక సీసాలో పట్టి పంపి ఊరుకోకండి. వానాకాలం మొదట్లో కాలవ ఎర్రగా, బురదగా పారుతున్నప్పుడు ఒకసారి, మామూలుగా ఉన్నప్పుడు ఒకసారి పట్టండి. ఒక భాగం వడపోసి, ఇంకో భాగం వడపోయకుండా రెండూ పరీక్ష చెయ్యమని రాతపూర్వకంగా అడగండి. కాలవ అడుగున, మడిలోకి నీరు దిగే చోట ఉన్న మెత్తటి బురద కూడా విడిగా పట్టి పంపండి, దానితో పాటు అవతలి గట్టు మట్టి, ఒక మీటరు లోతు మట్టి. వచ్చిన అంకెలతో హెక్టారు లెక్క మీరే వేసుకోవచ్చు, పైన ఉన్న లెక్కలో మీ ఎరువు మోతాదు, మీ నీటి మోతాదు పెట్టుకుంటే సరిపోతుంది.